జాక్ స్టీన్: ఉన్నవాళ్ళతోనే గెలిచినవాడు



ఇది ఒక శిక్షకుడి స్మారక సభ. అందుకే శిక్షకుడిగా చరిత్రకెక్కిన స్కాట్లాండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జాక్ స్టీన్ గురించి మాట్లాడదలిచాను. ఆయన 1922లో లానార్క్‌షైర్ బొగ్గు గనుల సీమలో, బర్న్‌బ్యాంక్‌లో పుట్టారు. కుర్రతనంలోనే గనిలోకి దిగారు. వారమంతా బొగ్గు పని, శనివారం ఆల్బియన్ రోవర్స్ తరఫున ఆట.

సెంటర్ హాఫ్‌గా ఆయన మరీ గొప్పవాడేం కాదు. వేల్స్‌లో లనెల్లి క్లబ్‌కు ఆడుతుండగా, 1951 చివర్లో గ్లాస్గో నుంచి సెల్టిక్ పిలిచింది. అదీ రిజర్వు జట్టులో కుర్రాళ్ళకు అండగా ఉంటారని. పై జట్టులో వాళ్ళకు దెబ్బలు తగలడంతో చోటు దొరికింది. దొరికిన చోటును వదల్లేదు, కెప్టెనయ్యారు. 1954లో సెల్టిక్ 40 ఏళ్ళ తర్వాత లీగ్‌నూ, స్కాటిష్ కప్‌నూ ఒకే సీజన్‌లో గెలిచింది. చీలమండ గాయం 1957లో ఆయన ఆట మాన్పించింది.

ఆ తర్వాత సెల్టిక్ రిజర్వు కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చారు. 1960లో డన్‌ఫర్మ్‌లిన్ మేనేజరయ్యారు. మరుసటి ఏడాదే ఆ చిన్న క్లబ్ స్కాటిష్ కప్ ఎగరేసుకుపోయింది. ఫైనల్లో ఓడింది ఎవరనుకున్నారు? సెల్టిక్కే! హిబర్నియన్‌లో కొన్నాళ్ళు చేసి, 1965 మార్చిలో సొంతగూటికి చేరారు. ఐరిష్ క్యాథలిక్కుల క్లబ్‌కు ఆయన తొలి ప్రొటెస్టెంట్ మేనేజర్. అంతవరకూ జట్టు ఎంపికలో చైర్మన్ రాబర్ట్ కెల్లీ మాటే చెల్లేది. స్టీన్ రాకతో ఆ పెత్తనం మేనేజర్ చేతికొచ్చింది.

1957 తర్వాత ఆ క్లబ్ పెద్ద ట్రోఫీ ముఖం చూడలేదు. ఆ సీజన్ లీగ్‌లో ఎనిమిదో స్థానంతో సరిపెట్టుకుంది. స్టీన్ ముందుగా మనుషుల చోట్లు మార్చారు. ఫార్వర్డ్ బాబీ మర్డాక్‌ను మిడ్‌ఫీల్డ్‌కు తెచ్చారు, వింగర్ బెర్టీ ఆల్డ్‌ను కూడా అక్కడికే. రెండు నెలలు తిరక్కుండానే స్కాటిష్ కప్ వచ్చింది.

1967 మే 25, లిస్బన్, యూరోపియన్ కప్ ఫైనల్. ఇంటర్ మిలాన్ ఏడో నిమిషంలో పెనాల్టీతో గోల్ కొట్టి, తలుపులు బిడాయించుకుంది. సెల్టిక్ బ్యాక్‌లు ఇద్దరూ ఆ తలుపుల మీదికే ఉరికారు. 63వ నిమిషంలో రైట్ బ్యాక్ క్రెయిగ్ బంతిని వెనక్కి నెట్టాడు, లెఫ్ట్ బ్యాక్ గెమెల్ పరుగున వచ్చి దూరం నుంచే బాదాడు. స్కోరు సమం! 84వ నిమిషంలో ఆ మర్డాకే కొట్టిన బంతికి చామర్స్ కాలు అడ్డుపెట్టి దారి మళ్ళించాడు. 2-1. ఆ కప్ గెలిచిన తొలి బ్రిటిష్ క్లబ్ సెల్టిక్. ఆ 11 మందీ క్లబ్ మైదానానికి సుమారు 30 మైళ్ళ లోపు పుట్టినవాళ్ళే.

1966 నుంచి 1974 దాకా వరసగా తొమ్మిది లీగ్ టైటిళ్ళు. 1970లో మరో యూరోపియన్ ఫైనల్‌కు వెళ్ళి ఓడారు. 1978లో సెల్టిక్‌ను వీడి, లీడ్స్‌లో కొద్ది వారాలుండి, స్కాట్లాండ్ జాతీయ జట్టు బాధ్యత తీసుకున్నారు. 1985 సెప్టెంబర్ 10న కార్డిఫ్‌లో, వేల్స్‌తో మ్యాచ్ చివర్లో కుప్పకూలి, అక్కడే కన్నుమూశారు. వయసు 62.

లిస్బన్ జట్టులో స్టీన్ డబ్బిచ్చి తెచ్చుకున్నది ఒక్క విల్లీ వాలెస్‌నే. మిగతా పదిమందీ ఆయన వచ్చేనాటికే క్లబ్‌లో ఉన్నవాళ్ళు. ఎనిమిదో స్థానంలో మిగిలిన వాళ్ళే రెండేళ్ళలో ఐరోపా విజేతలయ్యారు. శిక్షకుడి పనితనానికి కొలత ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ పదిమంది పేర్లు చదవమంటాను.