పదవి పోయినను పోని చూపు



ఈ విద్యాసభయందు స్నాతకులను సంబోధించు గౌరవమును నాకు ప్రసాదించిన విశ్వవిద్యాలయమునకు కృతజ్ఞుడను. ఇట్టి సందర్భములలో మీ యెదుట నున్న అవకాశములను గూర్చియు, మీ రధిరోహింపబోవు పదవులను గూర్చియు పెద్దలు ముచ్చటించుట పరిపాటి. ఆ విషయములు చెప్పుటకు మీ ఆచార్యులు నాకంటె సమర్థులు. నడివయస్సున ఉద్యోగమును కోల్పోయి, దిక్కుతోచని ఆ దినములలో కలము చేబట్టిన కొందఱు మనుష్యులను గూర్చి నేను చెప్పదలచితిని. శుభవేళ నీ ప్రసక్తి యేలయని మీ తల్లిదండ్రులు నొచ్చుకొనవలదని ప్రార్థన. ఆపద వచ్చిననాడు చెప్పిన హితము చెవి కెక్కదు. ఆపద లేనినాడు విన్న మాటయే ఆపదనాడు జ్ఞప్తికి వచ్చి చేయూత నిచ్చును.

ఉద్యోగము పురుషలక్షణమను నానుడి మన యిండ్లలో తరతరములుగా వినబడుచున్నది. నేడది స్త్రీలకును వర్తించుచున్నది. పెండ్లిపందిటిలో కలిసిన బంధువు క్షేమసమాచారము ముగియకమునుపే "మీ అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు?" అని అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము లేని గృహస్థు క్రమముగ పెండ్లిండ్లకు పోవుట మానును. జీతము పోవుట ఒక కష్టము. జీతముతోపాటు మనుష్యుని పేరును పోయినట్లు లోకము చూచుట అంతకు మించిన కష్టము. హైదరాబాదు నగరమున కంప్యూటరు సంస్థలలో ఇరువదియేండ్లు పనిచేసినవారును ఒక్క ఉత్తరువుతో నింటికి మరలుటను మనము చూచుచున్నాము. అమెరికాలో హెచ్-1బి వీసాపై నున్న మన తెలుగువారికి ఉద్యోగము పోయినచో, గరిష్ఠముగ 60 దినములలోపల వేరొక యజమానిని వెదకుకొనుటయో, వేరొక వీసాకు మారుటయో, బిడ్డల చదువు నడుమ నాపి దేశమును విడుచుటయో తప్పదు. కావున నేను చెప్పబోవునది పరాయివారి పాతకథ యనుకొనకుడు.

అమెరికా దేశమున మసాచుసెట్స్ రాష్ట్రములోని సేలమ్ అను రేవుపట్టణమున 1804లో జన్మించిన నెథేనియల్ హాథార్న్, బౌడిన్ కళాశాలలో చదివి 1825లో పట్టము నొంది, పెక్కేండ్లు ఏకాంతముగ కథలు వ్రాసి, ఆ కథలు కుటుంబమును పోషింపజాలకపోవుటచే 1846లో ఆ పట్టణపు సుంకపుకచ్చేరిలో సర్వేయరు పదవిని స్వీకరించెను. ఏటికి 1,200 డాలర్ల జీతము, పని స్వల్పము, తోడి ఉద్యోగులలో ననేకులు కుర్చీలను గోడకు చేరవైచి కునుకు తీయు వృద్ధులు. పుస్తకముల ముఖపత్రములపై నుండవలసిన తన పేరు, సుంకము చెల్లినదనుటకు గుర్తుగ, మిరియాల బస్తాలపైనను చుట్టల పెట్టెలపైనను నల్లరంగుతో ముద్రింపబడుచుండెనని ఆయనయే తరువాత వ్రాసెను. ఆ మూడేండ్లలో ఆయన రచన దాదాపు నిలిచిపోయినది. భద్రమైన జీతము చేతనున్నది. కల్పనాశక్తి మాత్రము మాటవినదు.

1849లో విగ్ పక్షమునకు చెందిన జకరీ టేలర్ అధ్యక్షుడైనంతట, డెమోక్రాటుల కాలమున నియమితుడైన హాథార్న్ పదవి జూన్ మాసమున ఊడినది. అప్పటికి ఆయనకు 44 ఏండ్లు. భార్య, ఇద్దఱు చిన్నపిల్లలు, తల్లి. జూలై మాసాంతమున ఆ తల్లియు గతించెను. భార్య సోఫియా ఇంటిఖర్చులలో రహస్యముగ మిగిల్చిన సొమ్మును ఆనాడు భర్త యెదుట నుంచి, ఇక నీవు పుస్తకము వ్రాయుమని ధైర్యము చెప్పినదని వారి కుమారుడు జూలియన్ తరువాత కథనము చేసెను. మిత్రులు కొంత ధనము కూర్చి పంపిరి. ప్రకాశకుడు జేమ్స్ ఫీల్డ్స్ సేలమునకు స్వయముగ వచ్చి వ్రాతప్రతిని అడిగి తీసికొనిపోయెను. 1850 మార్చి మాసమున "ది స్కార్లెట్ లెటర్" వెలువడినది. మొదటి ముద్రణమందలి 2,500 ప్రతులు పది దినములలో చెల్లిపోయినవి.

మీరు ఆలోచింపవలసిన దేమనగా, ఆ నవలలో హాథార్న్ తన కథను వ్రాసికొనలేదు. తనను తొలగించినవారిపై ఆయనకు కోపము లేకపోలేదు. ఆ కోపమునంతయు సుంకపుకచ్చేరిని వర్ణించిన పీఠికయందే వెళ్లబోసికొనెను. నవలలో నున్నది రెండు శతాబ్దములకు పూర్వము బోస్టన్ పట్టణమున, వక్షమున ఎఱ్ఱని అక్షరమును ధరించి, చంటిబిడ్డ నెత్తుకొని, ఊరందఱి యెదుట దండనవేదికపై నిలుచున్న హెస్టర్ ప్రిన్ అను స్త్రీ. ఊరిలో తలవంపులైన మనుష్యుడు, తనకంటె నెన్నియో రెట్లు కఠినమైన తలవంపులను మౌనముగ భరించిన యొక అబల వైపు చూపు మరల్చెను. ఆ చూపు మరలిన క్షణముననే ఫిర్యాదు సాహిత్యమైనది. పదవిలో నున్నంత కాలము ఆయనకు హెస్టర్ ముఖము స్పష్టముగ కనబడియుండదని నా విశ్వాసము.

అంతకు మూడు శతాబ్దములకు పైగా పూర్వము ఫ్లారెన్సు నగరమున నికోలో మకియవెల్లికిని ఇట్టి గతియే పట్టినది. 1498 నుండి 14 ఏండ్లు ఆ గణరాజ్యమున కార్యదర్శిగ నుండి, రాజుల యొద్దకును పోపుల యొద్దకును రాయబారములు నడిపిన ఆయనను, నగరపు పూర్వపాలకులగు మెడిచీ వంశీయులు మరలి వచ్చిన పిమ్మట 1512 నవంబరులో పదవినుండి తొలగించిరి. వయస్సు 43 ఏండ్లు. మరుసటి యేడు కుట్రదారుడను అనుమానమున చెఱనుంచి, చేతులు వెనుకకు విఱిచి త్రాటితో వ్రేలాడదీసి హింసించిరి. విడుదలయైన పిదప ఊరి వెలుపలి పొలము చేరి, పగలు కట్టెలు కొట్టువారితో తగవులాడుచు, పూటకూటియింట పేకాటతో ప్రొద్దుపుచ్చుచు, సాయంకాలము కాగానే బురద యంటిన బట్టలు విడిచి, రాజసభకు తగిన దుస్తులు ధరించి, ప్రాచీనుల గ్రంథముల సన్నిధిని నాలుగు గంటలు గడపుచుండెనని 1513 డిసెంబరులో మిత్రునకు వ్రాసిన లేఖలో చెప్పెను. "ది ప్రిన్స్" అను గ్రంథము ఆ సాయంకాలముల ఫలము. "మాండ్రాగోలా" అను ప్రహసనమును తరువాతి కొలది యేండ్లకు పుట్టినది. పోయిన పదవి మరల లభించునేమోయని ఆయన చివరివఱకు ఎదురుచూచెను. ఆ ఆశ పూర్తిగా నెరవేరలేదు. "ది ప్రిన్స్" అచ్చైనది ఆయన గతించిన ఐదేండ్లకు, 1532లో. ఆ సాయంకాలములకు ప్రతిఫలమేమియు ఆయన చేతికి రాలేదు. అయినను సాయంకాలమున కుచితమైన దుస్తులు ధరించుట ఆయన మానలేదు.

మఱియొకడు రేమండ్ చాండ్లర్. లాస్ ఏంజిలిస్ నగరమున నొక చమురు సంస్థలో ఉపాధ్యక్షుడుగా నుండి, మద్యపానము చేతను, పనికి డుమ్మాకొట్టుట చేతను, ఆర్థికమాంద్యము దేశమును పీడించుచున్న 1932లో ఉద్యోగమును పోగొట్టుకొనెను. దోషము చాలవఱకు ఆయనదే. ఇట్టివారి యుదాహరణమును కూడ నేను పేర్కొనుటకు కారణము కలదు: స్వయంకృతాపరాధముచే పడినవారికిని లేచు హక్కు కలదు. నలుబదియేండ్లు దాటిన ఆ మనుష్యుడు చవుకపత్రికలలోని కథలను ముందిడుకొని, ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ కథ నొకదానిని సంగ్రహముగ వ్రాసికొని, ఆ సంగ్రహమునుండి మరల తానుగ కథను విస్తరించి, మూలముతో పోల్చి, ఎచ్చట తన రచన తేలిపోయినదో వెదకి సరిదిద్దుకొనెను. మొదటి కథకు ఐదు మాసములు పట్టినది. అది 1933 డిసెంబరులో "బ్లాక్ మాస్క్" పత్రికలో వెలువడగా ముట్టినది 180 డాలర్లు. మొదటి నవల "ది బిగ్ స్లీప్" 1939లో వచ్చినది. ఆ నవలలో చమురుచే ధనికమైన కుటుంబమొకటి కలదు; ఆ భవనమునుండి చూచినచో ఆ ధనమునకు మూలమైన చమురుబావులు కనబడును. పోగొట్టుకొన్న ఉద్యోగమున కన్నులతో చూచినదంతయు కథలో నిలిచినది.

మన తెలుగునాట ఉన్నవ లక్ష్మీనారాయణగారి స్థితి వేఱు. ఆయన 1877లో పుట్టి, ఐర్లండులో న్యాయశాస్త్రము చదివిన బారిష్టరు. పలనాటి అటవీ సత్యాగ్రహకాలమున ప్రభుత్వము ఆయనను కారాగారమున బంధించినది. నలుబదియైదేండ్ల ప్రాయము సమీపించుచుండగా, న్యాయస్థానములు లేవు, కక్షిదారులు లేరు, ఆదాయము లేదు. ఆ చెఱసాలలోనే ఆయన "మాలపల్లి" నవలను వ్రాసిరి. బారిష్టరు చెఱసాలలో కూర్చుండి బారిష్టరు కష్టములను వ్రాయలేదు. రామదాసు కుటుంబమును, సంగదాసును, నోరులేని కూలిజనమును వ్రాసిరి. మదరాసు ప్రభుత్వము ఆ నవలను నిషేధించినది. ఉద్యోగభ్రంశమునకును కారాగారవాసమునకును భేద మున్నను, చేతిలోని వృత్తి ఆగిపోయిననాడు చూపు తనకంటె దీనులైనవారి మీదికి పోవుటయందు ఉన్నవవారును హాథార్నును ఒక్క త్రోవవారే.

ఈ నలువురును నలుబది దాటిన పిదప ఆ దెబ్బ తిన్నవారు. వారి చరిత్రలనుండి నేను గ్రహించినది మీకు నివేదింతును. పదవి యిచ్చినవారు పదవిని తీసికొందురు; బల్ల, కుర్చీ, బిరుదు, జీతము వారివే. ఆ పదవిలో నున్నపుడు మీరు శ్రద్ధతో చూచినది మాత్రము ఎవ్వరును తీసికొనలేరు. మన పల్లెలలో పంట పండిన యేట రైతు జొన్నలను పాతరలో పోసి మన్ను కప్పి, కఱవు వచ్చిన యేట త్రవ్వి తీయును. ఉద్యోగవత్సరములలో చూచిన మనుష్యులు, విన్న మాటలు, సహించిన అన్యాయములు ఆ విధముగనే లోపల నిలువయుండి, లేమిదినములలో వెలికి వచ్చును. పోయని పాతరను త్రవ్విన ఫలము లేదు. కావున మీరు చేరబోవు కార్యాలయమున జీతమునకు పనిచేయుచునే కన్నులు తెఱచియుండుడు. బిళ్ళబంట్రోతు బిడ్డ యేమి చదువుచున్నదో, రాత్రి కాపలాదారు పగలెచ్చట నిదురించుచున్నాడో తెలిసికొనుడు. కార్యాలయములో పదియేండ్లుండి పైవాని ముఖమును తప్ప మఱియొకరి ముఖమును చూడనివానికి, ఆ కార్యాలయము పోయినచో చెప్పుకొనుటకు తన కోపము తప్ప మఱేమియు మిగులదు.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించి గృహమునకు మరలు శిష్యునకు ఆచార్యుడు చేసిన అనుశాసనమే మన దేశమున స్నాతకోపన్యాసములకు మాతృక. అందు ఆచార్యుడు స్వాధ్యాయము నేమరవలదని మరిమరి హెచ్చరించెను. పట్టము చేతికి వచ్చినదినముననే ఈ మాట యేల చెప్పవలసివచ్చెనో మకియవెల్లి సాయంకాలములను, చాండ్లర్ ఐదు మాసములను తలచుకొన్న మీకు బోధపడును. ఉద్యోగము పోయిననాడు అభ్యాసము క్రొత్తగ నారంభించుట అసాధ్యము కాదు గాని మిక్కిలి కష్టము. రోజున కొక గంట, ఎవ్వరును జీతమీయని గంట, మీకు ప్రియమైన విద్యకు విడిచిపెట్టుడు. అది రచన కావచ్చును, సంగీతము కావచ్చును, సేద్యము కావచ్చును.

రచన కూడు పెట్టునని మీకు నేను చెప్పను. హాథార్నునకు కీర్తి వచ్చిన పిదపను సంసారము గడచుటకు 1853లో లివర్‌పూల్ నగరమున అమెరికా కాన్సలు పదవిని స్వీకరింపవలసివచ్చినది. ఇంట బియ్యము లేనప్పుడు దొరకిన పని చేయుటయే ధర్మము; అందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. సోఫియా మిగిల్చిన సొమ్మును, మిత్రుల సాయమును మఱువకుడు. ఒంటరిగ నిలిచి గెలిచినాడను కథలను నమ్మకుడు. పడిన మనుష్యుని వెనుక నొక యిల్లు నిలువవలెను. తల్లిదండ్రులారా, మీ బిడ్డ యేనాడైన ఉత్తచేతులతో గుమ్మము త్రొక్కినచో, మొదటి ప్రశ్న భోజనమును గూర్చి యడుగుడు, ఉద్యోగమును గూర్చి కాదు.

స్నాతకులారా, మీలో కొందఱు పెద్దపదవుల నందుదురు. ఆ పదవిలో, ఇతరులను తొలగించు ఉత్తరువుపై సంతకము చేయవలసిన దినమును వచ్చును. సంస్థ క్షేమమునకు అది యావశ్యకమే కావచ్చును. ఆనాడు ఆ మనుష్యుని పిలిచి, కూర్చుండబెట్టి, కారణమును ముఖాముఖిగ చెప్పుడు. రావలసిన సొమ్ము నొక్క పైసయు తగ్గింపక చెల్లింపుడు. వేరొకచోట పని దొరకుటకు మీ మాటసాయ మొసంగుడు. దెబ్బ తిన్నవాడు పరుల బాధను చూచుట గొప్ప. దెబ్బ కొట్టవలసిన స్థానమున నున్నవాడు ఎదుటివాని బాధను చూచుట అంతకంటె గొప్ప. విద్య మీకు నేర్పవలసిన చూపు ఇదియే. మీకు దీర్ఘాయువును, గౌరవప్రదమగు వృత్తియు, అది యున్నను పోయినను చెదరని మనస్సును లభించుగాక యని ఆశీర్వదించుచున్నాను. స్వస్తి.