పిల్లల చేతికి కొలత టేపు ఇద్దాం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేసవి సెలవుల్లో పిల్లలకు ఏం చేస్తే బాగుంటుందో చెప్పమన్నారు. నాకు తోచింది ఒకటే. ఇల్లు ఎలా ఉండాలో ఆలోచించడం నేర్పుదాం. పదిరోజుల శిబిరం చాలు.

ఎందుకంటారా? మా అబ్బా తాపీమేస్త్రీ. మూలమట్టం, రసమట్టం పట్టారంటే గోడకు వంకర ఉండేది కాదు. కాని ప్లాను కాగితం చదవడం రాదు. ఇంజనీరు వచ్చి వేలుపెట్టి చూపేదాకా పని ఆపుకుని కూర్చునేవారు. ఊళ్లో ఎందరికో ఇళ్లు కట్టారు. ఈ గోపాలపట్నంలో అరవై గజాల స్థలంలో మా ఇల్లు కట్టుకున్నప్పుడు మాత్రం వంటింటికి కిటికీయే లేదు. ఆ పొగలోనే మా అమ్మీ ముప్ఫై ఏళ్లు వండింది. 1591లో కట్టిన చార్మినారును చూసి గర్వపడతాం, మంచిదే. మరి మన వంటింట్లోకి వెలుతురు రావద్దా?

శిబిరంలో మొదటి పని, ప్రతి బిడ్డా తన ఇల్లు తానే టేపుతో కొలవాలి. మీటరుకు రెండు సెంటీమీటర్ల లెక్కన కాగితం మీద గీయాలి. గాలి ఎటు వస్తోంది, ఎండ ఎటు పడుతోంది, గుర్తు పెట్టాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు ఇళ్ల పైరేకులు లేచిపోయాయి గదా! ఎందుకో కాగితం ముక్కతోనే చెప్పవచ్చు. పెదవి కింద పెట్టుకుని దాని పైనుంచి ఊదండి. కాగితం పైకి లేస్తుంది. రేకును గట్టిగా కిందికి బిగించాలని అప్పుడు పిల్లవాడే చెప్తాడు.

చీపురుపుల్ల ఒక్కటైతే వంగిపోతుంది, కట్ట కడితే నిలుస్తుంది. 1929లో ఢాకాలో పుట్టిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ తొమ్మిది గొట్టాలను కట్టగా చేర్చిన పద్ధతిలోనే షికాగోలో 110 అంతస్తుల సియర్స్ టవరుకు రూపకల్పన చేశారు.

ఆడపిల్లల్ని తప్పక పంపండి. బాగ్దాదులో పుట్టిన జహా హదీద్ 2004లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి మహిళ. మన విజయవాడలోనే 2008లో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వచ్చింది. ఇంటర్లో లెక్కలు చదివి ప్రవేశ పరీక్ష నెగ్గితే ఐదేళ్ల కోర్సు.

ఖర్చంటారా? టేపులు, పాత అట్టపెట్టెలు, జిగురు. ఆర్కిటెక్చరు చదివే విద్యార్థులను ఒకరిద్దరిని పిలుద్దాం. మన మేస్త్రీలనూ కూర్చోబెడదాం. పిల్లలకు తాపీ పట్టడం వాళ్లు చూపుతారు, ప్లాను చదవడం పిల్లలతోపాటు నేర్చుకుంటారు. అందులో సిగ్గేమీ లేదు.

మా అబ్బా ఇప్పుడు లేరు. నిరుడు మా అమ్మాయి గీసిచ్చిన గీత ప్రకారం ఆ గోడ కొట్టించి కిటికీ పెట్టాం. ఒక్కరోజు పని. అమ్మీ చాలాసేపు అక్కడే నిలబడి, "ఇంతేనా, బేటా!" అంది. నాకు జవాబు రాలేదు.

అందుకే అడుగుతున్నాను. సెలవులిచ్చేలోగా మీ పిల్లల పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి. ఖుదా హాఫిజ్.