కథాక్రీడలో కదిలే వస్తువులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ వేదిక మీద పద్యాలు చదివేవారున్నారు, పాటలు పాడేవారున్నారు. మాకు అప్పగించిన విషయం ఆటవస్తువుల తయారీ. అట్టముక్కల మీద కూడా ఉపన్యాసమా అని ఎవరైనా అనుకుంటే తప్పు లేదు. అయితే ఆ అట్టముక్కల వెనుక మన ఇళ్ళన్నిటికీ చెందిన ఒక చిక్కు వున్నది. ముందు దాన్ని మనవి చేస్తాము.

బెంగుళూరులో పెరుగుతున్న మన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులోనో, తోటి పిల్లల కన్నడంలోనో వస్తుంది. కన్నడం రావడం సంతోషమే. మనకు నీడనిచ్చిన ఊరి భాష అది. తెలుగులో కూడా వస్తువుల పేర్లు పిల్లలకు తెలుసు. తలుపు, రాయి, తాడు, పడవ అంటే వేలు పెట్టి చూపిస్తారు. జారిపోతున్నవి క్రియలు. నెట్టడం, లాగడం, జరపడం, తోయడం, దొర్లించడం, ఎత్తడం, దించడం - ఇన్నిటికీ బదులు "మూవ్ చెయ్యి" అన్న ఒక్క మాట మిగిలింది. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మ "ఆ పీట కాస్త ఇటు జరుపు నాయనా" అంటే, మనవడు పీటను ఎత్తి తెచ్చి ఆమె చేతికి ఇస్తాడు. ఇద్దరి మధ్యా ప్రేమకు లోటు లేదు, మాటకే లోటు.

పుస్తకం ఇచ్చి క్రియలు వల్లె వేయించితే పిల్లలు పారిపోతారు. అందుచేత మేము ఆటను ఆశ్రయించాము. అమెరికాలో 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆటను వెలువరించారు. అందులో ఒకరు కథ చెబుతారు. తక్కినవారు తలా ఒక పాత్ర తీసుకుని, ఆపద వచ్చినప్పుడు ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. కథ ఎటు పోతుందో ముందుగా ఎవరికీ తెలియదు. మేము దీన్ని కథాక్రీడ అని పిలుచుకుంటున్నాము. వేషం కట్టి కథ నడపడం మనకు తెలియని విద్య కాదు గనుక, ఇంట్లోనే అల్లుకోవచ్చుననిపించింది.

మా కథ చిన్నది. వరద వచ్చి ఒక ఊరు చిక్కుకున్నది. అవతలి ఒడ్డున వున్న గాదెలోని ధాన్యాన్ని ఆ ఊరికి చేర్చాలి. దారిలో ఏరు, గాదె, కొండదారి, చెరువు తూము వస్తాయి. ఒక్కొక్క చోట ఒక్కొక్క చిక్కుముడి. దాన్ని విప్పడానికి బల్ల మీద నిజంగా కదిలే వస్తువు ఒకటి. కథ చెప్పే పని ఇంట్లోని పెద్దవారిది. వస్తువుల తయారీలో మేము పాటించిన సూత్రం ఇది: ఒక వస్తువుకు ఒకే కదలిక, ఆ కదలికకు ఒక మాట. ఆ మాట నోట వచ్చిన తర్వాతనే చెయ్యి కదలాలి.

మొదట ఏరు. రెండు దళసరి అట్టలను వేలెడు సందు వుంచి అంటించితే కాలువ ఏర్పడుతుంది. పడవ ఆ కాలువలోనే పోతుంది, దాన్ని తోయాలి. ఇక్కడి చిక్కు మీ అందరికీ తెలిసిన పులి, మేక, గడ్డిమోపు లెక్కే. పడవలో మనిషితోపాటు ఒక్కదానికే చోటు. పులినీ మేకనూ, మేకనూ గడ్డినీ ఒంటరిగా వదలరాదు. 7 ప్రయాణాలలో అన్నీ అవతలికి చేరుతాయి. తీసుకుపోయిన మేకను ఒకసారి వెనక్కు తేవడమే కిటుకు. వెయ్యేళ్ళకు పైబడిన ఒక లాటిన్ లెక్కల సంకలనంలో ఇదే లెక్క తోడేలు, మేక, క్యాబేజీలతో వున్నది.

రెండవది గాదె. ఇందులో ధాన్యపు పెట్టెలను గుర్తుపెట్టిన గళ్ళలోకి నెట్టాలి. నెట్టడమే గాని లాగడం కుదరదు. జపానులో 1982లో వెలువడిన "సొకోబాన్" అనే కంప్యూటరు ఆటకు ఇదే ప్రాణం. ఆ పేరుకు గిడ్డంగి కాపరి అని అర్థం. ఇందులో ఒక ప్రమాదం వున్నది. పెట్టె మూలకు చేరితే ఇక రాదు, ఆట అక్కడే ఆగిపోతుంది. కంప్యూటరులో అయితే మళ్ళీ మొదలుపెడతారు. బల్ల చుట్టూ కూర్చున్న ఆరేళ్ళ పిల్లకు ఏడుపు వస్తుంది. అందుకని ప్రతి ఆటకు ఒక తాడు ఇస్తాము. తాడును ఒక్కసారే వాడవచ్చు. పెట్టెకున్న కొక్కేనికి తగిలించి లాగాలి. నెట్టడానికీ లాగడానికీ భేదం ఏమిటో, ఆ భేదం అవసరమైన క్షణంలోనే పిల్లకు తెలుస్తుంది. ఎంత చెప్పినా పట్టుబడని మాట, పెట్టె మూలలో ఇరుక్కున్నప్పుడు పట్టుబడుతుంది.

మూడవది కొండదారి. 9 గళ్ళ చట్రంలో 8 పలకలు, ఒక ఖాళీ. పలకలను ఖాళీలోకి జరుపుతూ పోతే దారి పటం పూర్తవుతుంది. దీనికి పెద్దన్న అయిన 15 పలకల ఆట 1880 ప్రాంతంలో అమెరికాను, యూరపును ఊపివేసింది. తయారు చేసేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. పలకలను ఊడదీసి తోచినట్లు పేర్చితే, ఆ పేర్పులలో సరిగ్గా సగం ఎన్నటికీ సరిపడవు. ఈ సంగతి 1879లోనే గణితజ్ఞులు తేల్చినారు. కాబట్టి ముందు పటాన్ని పూర్తిగా అమర్చి, తర్వాత జరుపుతూనే చెదరగొట్టాలి. చెదిరిన దారిన తిరిగి రావడం ఎప్పుడూ సాధ్యమే.

దారికి అడ్డంగా ఒక బండరాయి, దాన్ని దొర్లించాలి. చివర తూము తలుపు. దాన్ని ఎత్తాలి, నీరు పోయాక దించాలి. తలుపుకు రెండు పుల్లల మధ్య జారే అట్టముక్క చాలు.

ఇక సామగ్రి. అగ్గిపెట్టెను మించిన వస్తువు లేదు. లోపలి అర బయటికి జారుతుంది గనుక గాదె తలుపు సిద్ధంగా వున్నట్లే. అట్టలు, రంగుకాగితాలు అవెన్యూ రోడ్డులో దొరుకుతాయి. గడి 4 సెంటీమీటర్లుంటే వస్తువు అడుగు 3 సెంటీమీటర్లు మించనీయకండి. పక్కదాన్ని తగలకుండా వేళ్ళు పట్టాలి. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా అడుగున ఒక ఇనుప వాషరు అంటించండి. కదిలే వస్తువులకే రంగు వేయండి. కదలనివాటిని బల్ల మీద గీతలుగానే వుంచండి. మూడేళ్ళలోపు బిడ్డలున్న ఇంట్లో చింతగింజలు, గవ్వలు వాడవద్దు; నోట పెట్టుకుంటారు.

కొయ్యతో చేయించాలంటే 60 కిలోమీటర్ల దూరంలో చెన్నపట్నం వున్నది. అక్కడివారు ఆలెమర అనే కొయ్యనే మనవారు అంకుడు కర్ర అంటారు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మలు తయారయ్యేది కూడా దానితోనే. రెండు చోట్లా తిరిగే కొయ్యకు రంగు లక్కను ఒత్తితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. మా బండరాయి చెన్నపట్నపు గుండు. ఆట ఆడేటప్పుడు పిల్లలకు ఈ చుట్టరికం కూడా చెబుతుంటాము.

మాట విషయంలో ఒక తగవు వచ్చింది. గాదె దగ్గర కోస్తావారి అబ్బాయి "నెట్టు" అన్నాడు. అనంతపురంవారి అమ్మాయి "నూకు" అన్నది. తాడు దగ్గర ఒకరు "లాగు" అంటే, వరంగల్లువారి పిల్లవాడు "గుంజు" అన్నాడు. ఏది సరి అని పెద్దలే వాదనకు దిగినారు. మూడు ప్రాంతాలవారమూ ఒక్కచోట కూడే సంఘం మనది; ఒక మాటను గెలిపించి మరొకదాన్ని ఓడించడానికి మాకు మనసొప్పలేదు. ఎవరి ఇంటి మాట వారు అన్నా వస్తువు కదలాలని నిర్ణయించాము. ఇప్పుడు పిల్లలు రెండు మాటలూ అంటున్నారు. ఆటకు వచ్చిన పక్కింటి కన్నడ పిల్లవాడు నెట్టడాన్ని "తళ్ళు" అంటాడు. తూము దగ్గర అతడు "ఎత్తు" అంటే మావాళ్ళు ఆశ్చర్యపోయారు. ఆ మాట రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి.

మాట తెలియనివారికి శిక్ష లేదు. కథ చెప్పే పెద్దవారిని అడగవచ్చు. అడిగినందుకు వంతు పోదు. అసలు మేము కోరుకునేది ఆ అడగడమే. చెవి ఆనకపోయినా, ఫోను వాడడం రాకపోయినా, ఆ సాయంత్రం అమ్మమ్మను అడగనిదే పడవ కదలదు.

ఆట చేసేవారికి ఒక్క విన్నపం. పిల్లలకు ఇచ్చేముందు ప్రతి చిక్కుముడినీ చివరినుంచి మొదటికి మీరే విప్పి చూడండి. తర్వాత దాన్ని ఎన్నడూ చూడనివారి చేత ఆడించి, పక్కన మౌనంగా కూర్చోండి. వారు ఎక్కడ ఆగితే అక్కడ వస్తువును సవరించండి, ఆడేవారిని కాదు.

వచ్చే వేసవి సెలవులలో ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క కదిలే వస్తువును చేసి, దానితోపాటు మీ ఊళ్ళో ఆ కదలికకు వాడే మాటను ఒక చీటీ మీద రాసి సంఘానికి అందించవలసిందిగా కోరుతున్నాము. తిరగలి, ఏతం, ఉయ్యాల - తిప్పేవి, తొక్కేవి, ఊపేవి - ఇంకా మా పెట్టెలో లేవు. సభ ముగిశాక పెట్టె ఇక్కడే వుంటుంది. పిల్లలు వచ్చి ఆడవచ్చు. పెద్దలు కథ చెప్పడానికి సిద్ధంగా వుండాలి. సెలవు.