సన్నబడే సూదులు: జవాబుదారీ ఎవరు?

ఆక్యుపంక్చర్‌తో లావు తగ్గిస్తామనే ప్రకటనల్లో బొమ్మ దాదాపు ఎప్పుడూ ఆడమనిషిదే. చెవి మీద కొన్నిచోట్ల సూదులు గుచ్చితే ఆకలి మందగిస్తుందంటారు. ప్రాచీన చైనా విద్య అంటారు గానీ, నేటి చెవి పటానికి ఆధారం 1950లలో ఫ్రాన్సు వైద్యుడు పాల్ నోజియే చేసిన పని. ఉత్తుత్తి సూదులతో పోల్చిన కొన్ని పరీక్షల్లో కాస్త తేడా కనిపించిన మాట నిజమే. కానీ వాటిలో చాలావరకు కొద్దిమందితో, కొన్ని వారాలే జరిగినవి. పైగా చాలాచోట్ల సూదితోపాటు తిండీ తగ్గించమంటారు. మరి తగ్గింది దేనివల్ల?

లావు సమస్యే కాదని నేననడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌ స్త్రీలలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం అధిక బరువున్నవారు. అదే సర్వేలో రెండుచోట్లా సగానికి మించి స్త్రీలకు రక్తహీనత. థైరాయిడ్, మధుమేహం, రక్తం పరీక్షించకుండా ఆకలిని చంపడం వైద్యమెలా అవుతుంది?

1954 నాటి చట్టం స్థూలకాయానికి మందుల ప్రకటనలను నిషేధించింది. సూది మందు కాదుగా అని వాదించే సందు మిగిలింది. 2019లో ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించిన కేంద్రమే ఆ సందు మూయాలి. అందాకా మన దగ్గరికొచ్చే స్త్రీలకు చెబుదాం: డబ్బు కట్టేముందు ఎన్నాళ్లకు ఎంత తగ్గుతుందో, తగ్గకపోతే ఏమిటో కాగితం మీద రాయించుకోవాలి. సూది కొత్త పొట్లంలోంచి తీస్తున్నారో లేదో కళ్లారా చూసుకోవాలి.