మంచి ముక్కలు ఎప్పుడు దాచాలి?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగం)



రమ్మీ మనందరికీ తెలిసిందే. పోకర్ మాత్రం నాకు మా మనవడు నేర్పాడు, చింతగింజలు పందెంగా.

1988లో లాస్ వేగస్‌లో జరిగిన ప్రపంచ పోకర్ పోటీ ఆఖరి ఆటలో జానీ చాన్ చేతిలో జాకీ, తొమ్మిది ఉన్నాయి. బల్ల మీద రాణి, పది, ఎనిమిది పడ్డాయి. ఐదు ముక్కల వరస కుదిరింది! అప్పటికి దాన్ని మించింది లేదు. అయినా నాలుగో ముక్క పడ్డాక చాన్ పందెం కాయకుండా ఊరుకున్నాడు. రాణుల జత చూసుకున్న ఎరిక్ సైడెల్ చివర్లో ఉన్నదంతా కాసి ఓడిపోయాడు.

ఎదుట ఉన్నది ఒక్కడే గనుక అది చెల్లింది. నలుగురుండి, బల్ల మీద రెండు ఇస్పేట్లు కనబడుతుంటే ఊరుకోకూడదు. ఊరికే చూడనిచ్చిన ముక్కే మన కొంప ముంచవచ్చు.

సర్వీసులో ఉండగా ఒక ఇంక్రిమెంటు తగాదాలో నాకు అనుకూలమైన ఉత్తర్వు నకలు నా బీరువాలోనే ఉంది. అదను చూసి బయటపెడదామని ఆగాను. అప్పీలు గడువు దాటిపోయింది. ఆ ఇంక్రిమెంటు నేటికీ నా పెన్షనులో లేదు.

కనుక మిత్రులారా, ఆగితే ఎదుటివాడికి పెరిగేది ఆశా, బలమా అని చూసుకోండి. ఆశయితేనే ఆగండి. కాగితాలు మాత్రం ఎన్నడూ దాచకండి.

సెలవు.