గసగసాల కొండ మీద తేయాకు

మన ఊరు కనకమామిడిలో చాయ్ అంటే పాలూ చక్కెరా పడాల్సిందే. థాయ్‌లాండ్ ఉత్తరాన, బర్మా సరిహద్దు కొండల్లోని మే సలోంగ్‌లో అవేవీ ఉండవు. ఊలాంగ్ అనే తేయాకు, వేడినీళ్లు. అంతే!

ఆ ఊళ్లో చాలామంది చైనా సైనికుల సంతతి. 1949లో కమ్యూనిస్టులు గెలిచాక, ఓడిన ఆ సైనికులు చైనాలోని యునాన్ నుంచి బర్మాకు తప్పుకున్నారు. 1960లలో ఈ కొండెక్కారు. మరి బతుకుతెరువు? నల్లమందు. అవును, నల్లమందే! తర్వాత థాయ్ ప్రభుత్వం పౌరసత్వం ఇచ్చింది, నల్లమందునిచ్చే గసగసాల సాగు మాన్పించి తేయాకు వేయించింది. తైవాన్ నుంచి మొక్కలొచ్చాయి.

వెళ్తారా? చలికాలంలో వెళ్లండి. చియాంగ్ రాయ్ నగరం చేరి, కొండదారి పట్టండి. దుకాణాల్లో కొనేముందే టీ రుచి చూపిస్తారు. మొహమాటపడకండి, తాగి చూశాకే కొనండి.