పిడుదుకాటు – వైద్యసహాయము
(రైతులకుఁ జేసిన యుపన్యాసము)



పశువులఁ గడుగునపుడు, అడవిలోఁ గట్టెలు కొట్టునపుడు పిడుదు కఱచుట గలదు. కఱచినంతనే వైద్యునికై పరుగెత్త నక్కఱలేదు. దానిని నలుపక, కాల్పక, ముల్లుతీయు శ్రావణముతో చర్మము నంటి పట్టుకొని తిన్నగాఁ బైకి లాగి, సబ్బునీటఁ గడిగి, ఆ తేదీని వ్రాసియుంచవలెను.

పిమ్మట రెండువారములు కనిపెట్టుఁడు. జ్వరము, తీవ్రమగు తలనొప్పి, అరచేతుల నరికాళ్ల దద్దుర్లు – వీనిలో నొక్కటి కన్పట్టినను ఆ దినమే వైద్యునొద్దకుఁ బోయి, కాటు సంగతి తప్పక చెప్పవలెను. చెప్పనిచో మామూలు జ్వరమని తలంపఁబడును.

1957లో మైసూరు రాష్ట్రమున శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవియందు బయల్పడిన ప్రాణాంతక జ్వరము పిడుదులవలననే సోఁకినది. అచ్చటఁ గోతులును చచ్చినవి.

పాలికాపునకు జ్వరము వచ్చినను ఇదే నియమము. కోఁతపని మిగిలియున్నదని జాగు చేయరాదు.